అక్క ఎడమ భుజం

ఇటలీ వాళ్ళతో సెమీఫైనల్ ఇంకాసేపట్లో ముగుస్తుందనగా, మెక్సికో గోలు కాస్తున్న కూకా వెళ్ళి గోల్‌పోస్టుకు కొట్టుకుంది. కార్నర్ నుంచి వచ్చిన బంతిని పిడికిలితో అవతలికి గుద్దేసి, ఆ విసురులోనే పక్కకు ఒరిగిపోతూ, ఎడమ భుజాన్ని ఆ గులాబీ చారల కర్రకు తగిలించుకుంది. అజ్తెకా స్టేడియం మొత్తం ఊగిపోతున్న ఆ హోరులో దెబ్బ చప్పుడు ఎవరి చెవినా పడలేదు. కూకా లేచింది. బాగానే ఉన్నానన్నట్టు రిఫరీకేసి తలూపింది. జనం ఆమె పేరు పట్టుకుని అరిచారు. ఆట సాగిపోయింది.

గీత బయట బల్ల మీద కూర్చున్న అంపారో మాత్రం చటుక్కున లేచి నిలబడింది.

అంపారో కూకాకు చెల్లెలు, జట్టులో రెండో గోల్‌కీపరు. ఈ ఆడవాళ్ళ ఫుట్‌బాల్ ప్రపంచ పోటీ మొదలైన దగ్గర్నుంచి మైదానంలో కాలు పెట్టింది లేదు గానీ, అక్క ఆటను ఆమె చూసినంత శ్రద్ధగా ఇంకెవరూ చూడలేదు. బంతి దూరంగా పోయిన ప్రతిసారీ కూకా ఎడమ చేత్తో జుట్టు చెవి వెనక్కి తోసుకుంటుంది. ఈసారి జుట్టు కళ్ళలో పడుతున్నా ఆ చెయ్యి లేవలేదు. కాసేపటికి కుడి చేత్తో తోసుకుంది.

అంపారోకు గుండె గుభేలుమంది. ఆ గుభేలు చల్లారకముందే లోపల ఎక్కడో ఇంకొకటి కదిలింది. 'ఫైనల్లో నేను.' ఆ రెండు మాటలే. ఎవరో చెవిలో ఊదినట్టు వచ్చి పోయాయి. ఆమె బల్ల మీద కూలబడి, ఎవరైనా విన్నారేమోనని అటూ ఇటూ చూసింది. పక్కనున్న జట్టు పిల్లలంతా ఒకరి భుజాలు ఒకరు పట్టుకుని, గెలుపు ఈల కోసం ఊపిరి బిగబట్టి ఉన్నారు.

ఈల పడింది. మెక్సికో ఫైనల్ చేరింది.

బట్టలు మార్చుకునే గదిలో ఒకటే గోల. పాటలు, ఏడుపులు, ఒకరి మీద ఒకరు నీళ్ళు చల్లుకోవడాలు. కూకా మూల బల్ల మీద జెర్సీతోనే కూర్చుని నవ్వుతోంది. ఆ నవ్వు పెదాల దగ్గరే ఆగిపోతోంది.

"జెర్సీ విప్పవేం అక్కా?"

"చలేస్తోంది."

"నాతో కూడానా?"

కూకా ఒక్క క్షణం చెల్లెలి కళ్ళలోకి చూసి లేచింది. ఇద్దరూ స్నానాల గదిలోకి దూరి గడియ పెట్టుకున్నారు. అంపారో జెర్సీని నెమ్మదిగా, కోడిపిల్లను పట్టుకున్నంత భద్రంగా, తల మీదుగా లాగింది. మెడకూ భుజానికీ మధ్య ఎముక ఉబ్బి, చర్మం వంకాయ రంగుకు తిరిగి ఉంది.

"కోచ్ మాస్టార్ని పిలుస్తాను."

"పిలిచావంటే నా శవాన్ని చూసినంత ఒట్టు."

"అక్కా, ఇది విరిగింది."

"విరిగితే నాది విరిగింది. నీదేం పోయింది?" కూకా గోడకు తల ఆనించి కళ్ళు మూసుకుంది. "ఒసేయ్, విను. ఇంకో వారంలో ఫైనలు. లక్షమంది వస్తారు. ఆడవాళ్ళ ఆట చూడ్డానికి లక్షమంది! ఇలాంటిది ఇంకోసారి ఎప్పుడుంటుందో ఎవరికైనా తెలుసా? మనకు సంఘం లేదు, గుర్తింపు లేదు. రేపు ఈ సందడి అయిపోగానే ఈ గేట్లకు తాళాలేస్తారు. పదకొండేళ్ళు దుమ్ములో పొర్లాను నేను. ఈ ఒక్కటీ నన్ను ఆడనివ్వు."

అంపారో జెర్సీని మళ్ళీ అక్క తల మీదుగా తొడిగింది. ఒట్టు వేసినట్టే అయింది.

* * *

ఆ పదకొండేళ్ళూ ఎలా గడిచాయో అంపారోకు తెలుసు. విమానాశ్రయం అవతల గడ్డి పరక మొలవని నేల మీద కూకా ఆడటం మొదలుపెట్టినప్పుడు అంపారో ఇంకా బడికి పోయే పిల్ల. గీతల పక్కన చేరిన మగవాళ్ళు నారింజ తొక్కలు విసిరేవాళ్ళు. "పొయ్యి మీద చిక్కుళ్ళు మాడిపోతున్నాయి, పోవే!" అని కేకలేసేవాళ్ళు. కూకా ఆ తొక్కల్ని ఏరి, గోలు పక్కన కుప్పగా పెట్టి, మళ్ళీ నిలబడేది. వారమంతా సాక్సుల మిల్లులో యంత్రం దగ్గర నిలబడే మనిషి, ఆదివారం ఆ మూడు కర్రల కింద నిలబడేది. చెల్లెల్ని వెంట తీసుకెళ్ళి, బంతి ఎలా పట్టాలో, పడితే ఎటు పడాలో తానే నేర్పింది. లాసరో అనే మెకానిక్కుతో పెళ్ళి కూడా కుదిరింది. "నేనా, బంతా?" అని అతను ఒక రోజు తేల్చమన్నాడు. "బంతైతే ఎటు పోతుందో ముందే తెలుస్తుంది" అంది కూకా. వాళ్ళుండే ఒబ్రేరా పేటలో ఆ మాట చెప్పుకుని ఇప్పటికీ నవ్వుతారు. కూకా నవ్వదు.

సెమీఫైనల్ మర్నాడు పొద్దున్నే అక్కాచెల్లెళ్ళు వీధి చివర నికాసియా ముసలమ్మ ఇంటికి వెళ్ళారు. బెణుకులూ విరుగుళ్ళూ సరిచేయడంలో ఆ పేటలో ఆమెకు పేరు. ముసలమ్మ వేళ్ళతో ఎముక వెంబడి తడుముతుంటే కూకా ఏడవలేదు గానీ, కింద పెదవి కొరుక్కుని రక్తం కారేలా చేసుకుంది.

"చీలింది. కట్టు కట్టి కదపకుండా ఉంచాలి. చెయ్యి పైకెత్తావంటే చీలింది కాస్తా విరుగుతుంది."

"ఆదివారం దాకా నిలిచే కట్టు కట్టు చాలు."

"ఆదివారం ఏముంది?" అంది ముసలమ్మ. ఊళ్ళో గోడల నిండా ఈ పోటీ బొమ్మలే, రంగులే ఉన్నా ఆమెకు ఏమీ పట్టినట్టు లేదు.

"పెళ్ళి" అంది కూకా.

"ఎవరిది?"

"నాదే."

"అయితే మొగుడికి చెప్పు, మొదటి రాత్రి కుడి పక్కన పడుకోమను" అంది ముసలమ్మ. అంపారోకు ఆ భయంలోనూ నవ్వు ఆగలేదు.

ఇంటి దగ్గర అమ్మ కన్నుగప్పడం ఇంకా కష్టమైంది. ఆడపిల్లలు బంతి ఆడితే కడుపులు పండవని ఏళ్ళ తరబడి శాపనార్థాలు పెట్టిన మనిషి, ఇప్పుడు నీళ్ళ తొట్ల దగ్గర బట్టలుతికే ఆడవాళ్ళందరికీ కూకా ఫోటో ఉన్న పేపరు చూపిస్తోంది. వచ్చిన ప్రతివాళ్ళూ కూకాను కౌగిలించుకోబోతారు. అంపారో మధ్యలో దూరి, "నన్నెవరూ పట్టించుకోరేం, నేను మాత్రం జట్టులో లేనా?" అని తానే వాళ్ళ చేతుల్లో పడేది.

"చూడమ్మా, దీనికి అక్క మీద ఎంత కుళ్ళో" అని నవ్వింది పక్కింటావిడ.

అందరూ నవ్వారు. అంపారో కూడా నవ్వింది. ఆ మాట మాత్రం ముల్లులా లోపల దిగి అక్కడే ఉండిపోయింది.

ఎందుకంటే అది పూర్తిగా అబద్ధం కాదు. కట్టు విప్పి కట్టేటప్పుడల్లా ఆమె ఆ ఎముక వంక చూసేది. కాస్త తగ్గినట్టుంటే ప్రాణం లేచొచ్చేది, ఆ వెంటనే ప్రాణం ఉసూరుమనేది. ఈ రెండోది ఎందుకో ఆమెకు తెలుసు. చెప్పేస్తే అక్క చెయ్యి దక్కుతుంది. చెప్పేస్తే గోలు తన చేతికొస్తుంది. రెండూ ఒకే తాటికి ముడిపడి ఉన్నాయి. దేనికోసం చెబుతోందో తనకే తెలియనప్పుడు, ఏ మొహం పెట్టుకుని చెప్పడం?

సాధనలో అంతా నాటకమే. కడుపులో బాగాలేదని కూకా ఒక రోజు కూర్చుంది. మరో రోజు, "చెల్లిని కాస్త తోమండి, తుప్పు పట్టిపోతోంది" అని తన వంతు బంతులన్నీ అంపారో మీదకి కొట్టించింది. తానేమో గీత పక్కన నిలబడి కుడి చేత్తో బంతి నేలకేసి కొడుతూ ఉండేది.

శుక్రవారం సాధన అయ్యాక ఎవరిస్తో మాస్టారు అంపారోను ఆపాడు. జట్టుకు శిక్షకుడు ఆయన. మనిషి సన్నగా ఉంటాడు. కోపమొస్తే మాత్రం గొంతు స్టేడియం అవతలి గోడకు తగులుతుంది.

"మీ అక్క బాగానే ఉందా?"

"బాగానే ఉంది మాస్టారూ."

"నా కళ్ళలోకి చూసి చెప్పు."

చూసింది. "కంగారుగా ఉంది, అంతే. మీకు లేదా?"

ఆయన కాసేపు అలాగే చూశాడు. తరవాత భుజం తట్టి వెళ్ళిపోయాడు. అంపారో అక్కడే గడ్డి మీద కూర్చుండిపోయింది.

* * *

ఆదివారం ఇసకేస్తే రాలనంత జనం. జట్టు బస్సు ఊరు దాటేసరికే రోడ్డుకు రెండు పక్కలా జెండాలు. పిల్లలు, ముసలివాళ్ళు, చంకల్లో బిడ్డలతో తల్లులు బస్సు అద్దాల మీద అరచేతులు ఆన్చి కూకా పేరు, మిగతావాళ్ళ పేర్లు పిలుస్తున్నారు. నిరుడు దాకా నారింజ తొక్కలు విసిరిన చేతులు ఇవేనా అనిపించింది అంపారోకు.

స్టేడియంలో మరుగుదొడ్డి తలుపు మూసి, ఆమె అక్కకు కట్టు కట్టింది. వేళ్ళు చెమటతో జారుతున్నాయి.

"గట్టిగా."

"ఊపిరాడదు అక్కా."

"ఊపిరితో నాకేం పని? గట్టిగా లాగు."

"ఒకసారి చెయ్యి ఎత్తు, చూస్తాను."

కూకా ఎత్తింది. భుజం దాకా వచ్చి ఆగింది.

"చాలు" అంది కూకా.

"గోలు పైకర్ర నీ భుజం ఎత్తులో ఉండదు."

"తెలుసు. నాకు పాఠాలు చెప్పకు." జెర్సీ కిందికి లాక్కుని, అంతలోనే గొంతు మార్చి, "అంపా, వాళ్ళకు తెలియదుగా. డెన్మార్కు వాళ్ళకు ఏం తెలుసు? కుడివైపు నిలబడతాను, ఎడమవైపు ఒతీలియా ఉంటుంది. గడిచిపోతుంది" అంది.

ఒతీలియా ఎడమ పక్క డిఫెండరు. పొలాల్లో పెరిగిన బలమైన పిల్ల. కూకా మాట వేదవాక్కు ఆమెకు. ఎందుకో ఏమిటో అడక్కుండా, ఎడమవైపు నువ్వు కాయాలి అని కూకా చెప్పగానే తలూపింది.

మైదానంలోకి వెళ్ళే సొరంగంలోంచి బయటికి రాగానే ఆ హోరు వాళ్ళ మీద గోడలా పడింది. మాటలు కావవి, వర్షం పడేటప్పుడు రేకుల కప్పు కింద నిలబడ్డట్టు ఒకే మోత. అంపారో బల్ల మీద కూర్చుని మోకాళ్ళ మధ్య చేతులు ఇరికించుకుంది.

మొదట్లో అంతా మెక్సికో వాళ్ళ ఆటే. డెన్మార్కు అమ్మాయిలు పొడుగరులు. తొందరపడరు. బంతిని ఒకరికొకరు అందించుకుంటూ, ఎక్కడ సందు దొరుకుతుందా అని చూస్తున్నారు. కూకా దగ్గరికి నేల మీద దొర్లుతూ రెండు బంతులొచ్చాయి. రెండిటి మీదా పడి కుడి చేత్తో కడుపుకు హత్తుకుంది. లేచిన ప్రతిసారీ లేవడానికి కొంచెం ఎక్కువసేపు పట్టింది. అది గమనించింది ఇక్కడ ఒక్క అంపారోనే.

అప్పుడొచ్చింది మొదటి గోలు. ఒతీలియాను దాటుకుని లోపలికి దూసుకొచ్చిన ఒక పిల్ల, గట్టిగా కూడా కాదు, ఎడమ పై మూలకు ఎత్తి వేసింది. వేరే రోజైతే కూకా అలాంటి బంతిని చెట్టు మీది జామకాయలా కోసుకునేది. ఈరోజు కాళ్ళు ఎగిరాయి, ఒళ్ళు సాగింది, చెయ్యి మాత్రం భుజం దగ్గరే నిలిచిపోయింది. బంతి వేళ్ళకు జానెడు పైనుంచి వెళ్ళి వలలో పడింది.

లక్షమంది ఒక్కసారిగా నోరు మూసుకున్నారు. ఆ నిశ్శబ్దం హోరు కన్నా భయంకరంగా ఉంది.

అప్పుడు అంపారో ఇంకోటి చూసింది. గోలు వేసిన పిల్ల పరిగెత్తుకుంటూ వెనక్కి పోతూ తన జట్టు నాయకురాలితో ఏదో చెప్పింది. నాయకురాలు కూకా వంక తిరిగి, తన ఎడమ భుజాన్ని చేత్తో తాకి చూపించింది. అవునన్నట్టు ఆ పిల్ల తలూపింది.

పసిగట్టేశారు.

అక్కడి నుంచి ప్రతి బంతీ ఎడమకే. కార్నర్ ఎడమకి, దూరం నుంచి కొట్టింది ఎడమకి. ఒకటి పైకర్రకు తగిలి బయటపడింది. ఒకటి ఒతీలియా తలతో ఆపి కళ్ళు తిరిగి పడిపోయింది. బల్ల మీద అంపారో ప్రతి బంతికీ తానే ఎగురుతున్నట్టు ఉలిక్కిపడుతోంది. పక్కనున్న పిల్ల, "ఏమైందే నీకు, జ్వరమా?" అని నుదురు తాకింది. సగం ఆట ముగిసిన ఈల పడేసరికి ఒక గోలుతోనే బయటపడటం అమ్మవారి దయ అనే అనుకోవాలి.

* * *

గదిలో మాస్టారు తలుపు వేసి ఒతీలియా మీద పడ్డాడు.

"నిద్రపోతున్నావా? ఆ గోలు ఎవరిదనుకుంటున్నావు? నీది! నీ పక్కనుంచి నడిచి వెళ్ళింది, షికారుకు పోయినట్టు! అంతా నీ వైపు నుంచే ఎందుకు వస్తున్నారు? నువ్వు చేతగానిదానివని వాళ్ళకు తెలిసిపోయింది కనక!"

ఒతీలియా నుదురు బొప్పి కట్టి ఉంది. ఎదురు చెప్పలేదు. "నాదే తప్పు మాస్టారూ" అని, రెండు చేతుల్లో మొహం దాచుకుని, వెక్కి వెక్కి ఏడవడం మొదలుపెట్టింది.

అంపారో అక్క వంక చూసింది. కూకా నేలకేసి చూస్తోంది. మొహం సున్నం కొట్టినట్టు పాలిపోయింది. నోరు తెరిచి ఏదో అనబోయి మూసుకుంది.

వారం రోజులుగా అంపారో తూచిన తూకాలన్నీ ఆ ఏడుపు ముందు ఎక్కడికక్కడ పడిపోయాయి. ఆమె లేచి నిలబడింది.

"తప్పు ఒతీలియాది కాదు మాస్టారూ. అక్క ఎడమ చెయ్యి లేవదు. భుజం దగ్గర ఎముక చీలింది. ఇటలీ ఆట రోజునే."

ఒతీలియా మొహం మీంచి చేతులు తీసి తలెత్తింది.

"అబద్ధం" అంది కూకా.

"శుక్రవారం నేనడిగితే బాగానే ఉందన్నావు" అన్నాడు మాస్టారు అంపారోతో.

"అది అబద్ధం. ఇది నిజం."

మాస్టారు కూకా వైపు తిరిగాడు. "చెయ్యి ఎత్తు."

కూకా నిలబడింది. చెల్లెలి కళ్ళలోకి చూస్తూ ఎడమ చెయ్యి ఎత్తడం మొదలుపెట్టింది. భుజం దాకా వచ్చింది. ఆగలేదు. దవడ దాటింది, చెవి దాటింది. నుదుటి మీద చెమట ధారలు కట్టింది. మెడ నరాలు తాళ్ళలా బిగిశాయి. చెయ్యి నిటారుగా తల పైకి వెళ్ళి నిలిచింది.

"చూశారా?" అంది కూకా, పళ్ళ బిగువున.

పిల్లలందరూ అంపారో వైపు తిరిగారు. పక్కింటావిడ నవ్వుతూ అన్న మాటే ఇప్పుడు ఇందరి కళ్ళలో నవ్వు లేకుండా కనిపించింది.

"నా చోటు కావాలా నీకు?" అంది కూకా.

లేదని అనొచ్చు. అందరూ ఎదురుచూస్తున్నదీ అదే.

"కావాలి" అంది. "ఎప్పట్నుంచో కావాలి. నువ్వు కర్రకు కొట్టుకున్నప్పుడు కూడా నాకు అదే తోచింది, దేవుడే నన్ను క్షమించాలి. కానీ నాకు చోటు కావాలన్నదీ నిజమే, నీ ఎముక చీలిందన్నదీ నిజమే. ఒకటి నిజమైనంత మాత్రాన రెండోది అబద్ధం అయిపోదు. ఇప్పుడు ఆ చెయ్యి దించు అక్కా. నెమ్మదిగా దించు, చూద్దాం."

కూకా దించలేదు. దించలేకపోయింది. ఎత్తిన చెయ్యి గాల్లోనే వణకడం మొదలుపెట్టింది. కళ్ళు తేలేశాయి. ఎముక లోపల ఏదో కదిలిన చప్పుడు, ఎండు కొమ్మ విరిగినట్టు, ఈసారి గదిలో అందరికీ వినిపించింది. ఆమె ముందుకు తూలితే ఒతీలియానే లేచి పట్టుకుంది.

ఎవరిస్తో మాస్టారు కూడా చెయ్యి వేసి ఆమెను బల్ల మీద కూర్చోబెట్టాడు. తరవాత ఒతీలియా దగ్గరికి వెళ్ళి, "తల్లీ, తప్పు నాది" అన్నాడు. అంపారో వైపు తిరగకుండానే, "జెర్సీ వేసుకో" అన్నాడు.

కూకా గోడవైపు తిరిగి కూర్చుంది. చెల్లెలు బయటికి వెళ్తుంటే తల తిప్పలేదు.

* * *

మైదానంలోకి అంపారో రాగానే ఈలలు మొదలయ్యాయి. "కూకా ఏదీ? కూకా ఏదీ?" అని ఒక వైపు నుంచి అందుకుంటే అవతలి వైపు వరకూ పాకింది. గోలు ముందు నిలబడితే ఆ మూడు కర్రల మధ్య జాగా విమానం దూరేంత వెడల్పుగా కనిపించింది. అక్క నేర్పినవేవీ గుర్తు రాలేదు. కాళ్ళెక్కడున్నాయో కూడా తెలియలేదు.

మొదటి బంతి ఎడమ పై మూలకే వచ్చింది. మనిషి మారినా వాళ్ళ అలవాటు మారలేదు. అంపారో తలచుకోకముందే ఒళ్ళు ఎగిరింది. వేళ్ళ కొసలకు తోలు తగిలి, బంతి కర్ర మీదుగా అవతల పడింది. కింద పడి లేచేసరికి ఈలలు ఆగిపోయాయి. ఆ తరవాత చప్పట్లు. ఆమెకు ఏడుపొచ్చినంత పనైంది.

కానీ కథల్లో జరిగినట్టు జరగలేదు. మెక్సికో పిల్లలు ఎదురు గోలు కోసం ముందుకు తోసుకుపోయారు, వెనక ఖాళీ మిగిలింది. డెన్మార్కు వాళ్ళకు కావలసిందీ అదే. రెండో గోలు ఆమె కాళ్ళ మధ్య నుంచే పోయింది. సిగ్గుతో చచ్చిపోతూ వలలోంచి బంతి తీస్తుంటే వెనక నుంచి ఎవరో అరిచారు.

"ముందుకు రావే మొద్దూ! గీత మీద అతుక్కుపోయి ఏం చేస్తావు, చిలక్కొయ్యలాగా?"

గోలు వెనక ఫోటోలు తీసేవాళ్ళ మధ్య కూకా నిలబడి ఉంది. ఎడమ చెయ్యి ఎవరిదో కండువాతో మెడకు కట్టేసి ఉంది. మొహం ఇంకా సున్నం లాగే ఉంది. ఎవరో అధికారి ఆమెను వెనక్కి పొమ్మని లాగుతున్నాడు. ఆమె కుడి మోచేత్తో అతన్ని విదిలించి కొట్టింది.

"ఆ పొడుగుదాన్ని చూస్తున్నావు నువ్వు. పొడుగుదాన్ని కాదు, బంతిని చూడు! రెండడుగులు ముందుకు! ఇంకా!"

అంపారో వచ్చింది. తరవాతి బంతి కోసం పరిగెత్తి, ఆ పొడుగు పిల్ల కాళ్ళ మీదే పడి, బంతి లాక్కుంది. మోకాలు వచ్చి పక్కటెముకలకు తగిలింది. వెనక నుంచి, "అదీ! నా తల్లే! ఇప్పుడు లే, పడుకోకు, ఇల్లనుకున్నావా?" అని వినిపించింది.

మూడో గోలు కూడా పడింది. దూరం నుంచి కొట్టిన బంతి, ముందు నేలకు తగిలి లేచి, పట్టుకున్నట్టే పట్టుకున్న చేతుల్లోంచి జారిపోయింది. వెనక నుంచి కాసేపు ఏ కేకా రాలేదు. అంపారో వెనక్కి తిరిగి చూడలేకపోయింది.

"లే" అంది చివరికి కూకా, అరవకుండా. "ఇంకా ఆట ఉంది."

ఆట అలాగే అయిపోయింది. మూడు సున్నా. డెన్మార్కు పిల్లలు ఒకరి మీద ఒకరు పడి ఏడుస్తూ నవ్వుతున్నారు. మెక్సికో పిల్లలు ఎక్కడివాళ్ళక్కడ కూర్చుండిపోయారు. జనం మాత్రం కదల్లేదు. తెల్ల చేతి రుమాళ్ళు ఊపుతూ చాలాసేపు నిలబడి చప్పట్లు కొట్టారు, అది ఓడిన వాళ్ళ కోసమో గెలిచిన వాళ్ళ కోసమో తెలియకుండా.

* * *

ఆసుపత్రిలో అత్యవసర చికిత్స గది ముందు ఆదివారం సాయంత్రపు వరస చాంతాడంత ఉంది. తలలు పగిలినవాళ్ళు, కడుపునొప్పి పిల్లలు. అంపారో, కూకా గోడకు ఆనుకుని బెంచీ మీద కూర్చున్నారు. స్టేడియం నుంచి టాక్సీలో వచ్చినంతసేపూ కూకా కిటికీలోంచి బయటికే చూసింది. బయట చినుకులు మొదలయ్యాయి. అంపారోకు మాట కలపడానికి ధైర్యం చాలలేదు. మెడ కింద ఆ ఎముక కదిలిన చప్పుడే చెవుల్లో తిరుగుతోంది. ఇక అక్క గోలులో నిలబడటం ఉండదేమో అనిపించింది. అది నిజమే అయింది కూడా. ఎముక అతుక్కుంది గానీ వంకరగా అతుక్కుంది. కూకా మళ్ళీ జెర్సీ వేసుకోలేదు. ఆ స్టేడియం గేట్లు కూడా వాళ్ళకు మళ్ళీ తెరుచుకోలేదు.

ఎదురు బెంచీ మీద, కాలికి తువ్వాలు చుట్టిన పిల్లాడిని ఒళ్ళో పెట్టుకుని కూర్చున్న ఒకావిడ, చాలాసేపటి నుంచి అంపారో వంకే చూస్తోంది.

"నువ్వు ఆ రెండో గోల్‌కీపరువి కదూ? టీవీలో చూశాం."

"అవునండీ."

"ఆ మూడోది ఏమిటమ్మా అలా వదిలేశావు? మా వాడు కూడా పట్టేవాడు దాన్ని. సబ్బుబిళ్ళ జారినట్టు జార్చావు. దేశం మొత్తం తల దించుకుంది."

అంపారో నిజంగానే తల దించుకుంది.

కూకా మెల్లగా బెంచీ మీంచి లేచింది. కండువాలో వేలాడుతున్న చేత్తోనే రెండు అడుగులు వేసి ఆవిడ ముందుకు వెళ్ళి నిలబడింది.

"నువ్వెళ్ళి నిలబడవమ్మా ఆ మూడు కర్రల కింద" అంది. "లక్షమంది నీ పేరు కాకుండా ఇంకొకరి పేరు అరుస్తుంటే నిలబడు. అటు నుంచి ఆ పొడుగుది గుర్రంలా వస్తుంది. అది వచ్చేటప్పుడు నీ వేళ్ళు నీ మాట వింటాయేమో చూసుకుని అప్పుడు మాట్లాడు. నిన్నటిదాకా దీన్ని ఎవరూ ఆడనివ్వలేదు. ఈరోజే ఆడింది. నా చెల్లెలు. తెలిసిందా?"

వరసలో అందరూ తిరిగి చూశారు. తల పగిలిన ముసలాయన ఒకడు కట్టు పట్టుకునే చప్పట్లు కొట్టాడు. ఆవిడ పిల్లాడిని హత్తుకుని, "నేనేమన్నానమ్మా ఇప్పుడు" అని గొణుక్కుంది.

కూకా వచ్చి చెల్లెలి పక్కన కూర్చుంది. రొప్పుతోంది. కాసేపాగి, ఎవరికీ వినపడకుండా అంపారో చెవి దగ్గర నోరు పెట్టింది.

"మూడోది పట్టాల్సిందే."

"తెలుసు అక్కా."

"అలా ఎగిరొచ్చే బంతికి మోకాలు నేలకు ఆన్చాలి. ఎన్నిసార్లు చెప్పాను?"

"చాలాసార్లు."

"రేపట్నుంచి మళ్ళీ చెబుతాను."

లోపలి నుంచి నర్సు కూకా పేరు పిలిచింది. అంపారో ముందు లేచి, అక్క నడుం చుట్టూ చెయ్యి వేసి, భుజానికి తగలకుండా నెమ్మదిగా లేవదీసింది.